ముక్కోణపు బోర్డులో సైకిల్ బొమ్మ ఎవరి కోసం?

ప్రశ్న: నమస్తే సార్. మాది తిప్పర్తి మండలంలో ఒక ఊరు. మా బాబు పదో తరగతి. రోజూ సైకిల్ మీద పెద్ద రోడ్డెక్కి బడికి పోతాడు. మొన్న ఒక డీసీఎం డ్రైవర్ బండి ఆపి మరీ వాణ్ని తిట్టాడట. ‘బోర్డు కనబడ్తలేదా? సైకిళ్లు రావొద్దని పెట్టిన్రు కదా! తెల్ల గీత అవతలకి దిగి పో’ అన్నాడట. ఆ బోర్డు నేనూ చూశాను. ఎర్ర అంచు ఉన్న ముక్కోణం, లోపల సైకిల్ బొమ్మ. మా ఆయన కూడా డ్రైవర్ చెప్పిందే నిజమంటున్నాడు. ‘ఎందుకీ లొల్లి, స్కూటీ కొనిద్దాం’ అంటున్నాడు. అమెరికాలో నార్త్ కరోలినాలో ఉన్న మా తమ్ముడేమో అక్కడి సైకిల్ బోర్డు ఫొటో పంపి, ‘ఇక్కడ రోడ్డు అందరిదీ అక్కా’ అన్నాడు. బాబు మాత్రం తనే తప్పు చేశానని ముఖం చిన్నబుచ్చుకుని తిరుగుతున్నాడు. అసలు ఆ రోడ్డు మీద వాడు పోవచ్చా, పోవద్దా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, ఈ సాయంత్రం బాబు బడి నుంచి రాగానే కూర్చోబెట్టుకుని చెప్పండి. వాడు ఏ తప్పూ చేయలేదు. ఆ బోర్డు వాడిని రావొద్దని చెప్పడం లేదు. వాడు వస్తాడని మిగతా బండ్లకు చెబుతోంది.

ఎర్ర అంచు ఉన్న ముక్కోణం హెచ్చరిక బోర్డు. అందులో సైకిల్ బొమ్మ ఉంటే, ముందు సైకిళ్లు రోడ్డు దాటే చోటు ఉంది, చూసుకుని నడపమని అర్థం. మీ బాబులాంటి పిల్లలు తిరిగే దారి అని తెలిసే దాన్ని అక్కడ పాతుతారు. అంటే ఆ డ్రైవర్ మీ వాణ్ని తిట్టడానికి చూపించిన బోర్డు నిజానికి ఆ డ్రైవర్‌కు పెట్టిన బోర్డే.

మీ ఆయన నమ్మకపోతే ఒక మాట అడగండి. ఊళ్లో బడి దగ్గర పిల్లల బొమ్మ ఉన్న ముక్కోణం ఉంటుంది. అది చూసి ఈ రోడ్డు మీదికి పిల్లలు రావొద్దని ఎవరైనా అంటారా? పశువు బొమ్మ ఉన్న ముక్కోణం చూసి గొడ్లకు నిషేధం అనుకుంటారా? అక్కడ అందరికీ సరిగ్గానే అర్థమవుతుంది, కాలు బ్రేకు మీదికి పోతుంది. సైకిల్ బొమ్మ దగ్గరికి వచ్చేసరికే అర్థం తిరగబడుతోంది. పెద్ద రోడ్డు మోటారు బండ్లదే, సైకిల్ వాడు అడ్డం వచ్చినవాడు అనే నమ్మకం మనలో చాలామందికి ముందే ఉంది. బోర్డును ఆ నమ్మకంతోనే చదువుతున్నారు. ఎర్ర రంగు కనబడగానే ‘వద్దు’ అనుకునే అలవాటు దానికి తోడైంది.

మోటారు వాహనాల చట్టం 1988లోది. ఏ బోర్డు ఎలా ఉండాలో దాని మొదటి షెడ్యూలులో బొమ్మలతో సహా ఉంది. తప్పనిసరిగా పాటించాల్సినవి, హెచ్చరించేవి, సమాచారం ఇచ్చేవి అని మూడు రకాలు. బొమ్మ కన్నా ముందు ఆకారం చూడాలి, దూరం నుంచి మొదట కనబడేది అదే. గుండ్రంగా ఉంటే ఆజ్ఞ, ముక్కోణమైతే హెచ్చరిక, నాలుగు మూలలుంటే సమాచారం. ఆగు బోర్డు, దారి ఇవ్వు బోర్డు మాత్రం దూరం నుంచే గుర్తుపట్టాలని వేరే ఆకారాల్లో ఉంటాయి. ఒకే సైకిల్ బొమ్మ ఈ మూడు రకాల్లోనూ వస్తుంది కాబట్టి బొమ్మను మాత్రమే చూసేవాళ్లు ఎప్పుడూ తికమకపడతారు.

నిజంగా సైకిళ్లు రాకూడని చోట గుండ్రటి తెల్ల బోర్డుకు ఎర్ర అంచు, మధ్యలో సైకిల్ బొమ్మ ఉంటుంది. ఎడ్లబండ్లకు, తోపుడు బండ్లకు, కాలినడకన పోయేవాళ్లకు కూడా ఇలాంటి నిషేధపు బోర్డులు వేరువేరుగా ఉన్నాయి. కొన్ని ఫ్లైఓవర్ల మొదట్లో వీటిని చూసే ఉంటారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీద సైకిళ్లకే కాదు, మోటారు సైకిళ్లకూ ప్రవేశం లేదు. నిషేధం ఉంటే ఆ సంగతి రోడ్డు ఎక్కే చోటే చెప్పాలి, ఎక్కాక సగం దూరంలో కాదు. కాబట్టి మీ ఊరి నుంచి పెద్ద రోడ్డు ఎక్కే మలుపు దగ్గర అలాంటి గుండ్రటి బోర్డు ఉందేమో ఒకసారి చూసి రండి. ఉంటే మాత్రం దాన్ని తప్పకుండా పాటించాలి, అప్పుడు వేరే దారి వెతుక్కోవాలి. లేకపోతే బాబు నిశ్చింతగా పోవచ్చు.

నీలం రంగు గుండ్రటి బోర్డు మీద తెల్ల సైకిల్ ఉంటే అది సైకిల్ ట్రాక్. ఆ దారి సైకిళ్లకే. కొందరు దాన్ని సైకిళ్లు నిలిపే స్థలం అనుకుంటారు. పార్కింగ్ బోర్డు నలుచదరంగా, పి అక్షరంతో ఉంటుంది. సైకిల్ ట్రాక్ మీదికి, ఫుట్‌పాత్ మీదికి మోటారు బండి ఎక్కించకూడదు. యూనిఫాంలో ఉన్న పోలీసు చెబితే తప్ప. హైదరాబాద్‌లో నార్సింగి, కొల్లూరు వైపు ఔటర్ పక్కన సోలార్ పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది. మీ బాబు పోయే దారిలో అలాంటిది ఉంటే మీరు ఈ ఉత్తరమే రాసేవారు కాదు.

ఇక తెల్ల గీత సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే బోర్డు కన్నా ఈ గీత మీదే అపోహ ఎక్కువ.

రోడ్డు అంచున పొడవునా సాగే తెల్ల గీత సైకిల్ లైను కాదు. బండ్లు నడిచే భాగం ఎక్కడిదాకా ఉందో చూపించే అంచు గీత అది. రాత్రిపూట, వానలో, ఎదుటి బండి లైటు కళ్లలో పడినప్పుడు డ్రైవర్‌కు రోడ్డు అంచు తెలియడానికి వేస్తారు. రెండు వరుసల రోడ్డులో బండ్లు నడిచే భాగం మామూలుగా 7 మీటర్లు. జాతీయ రహదారుల మీద చాలా చోట్ల గీత అవతల ఇంకో మీటరున్నర వెడల్పున తారు పోసిన అంచు కూడా ఉంటుంది. దాన్ని షోల్డర్ అంటారు. బండి చెడిపోతే పక్కకు తీయడానికి, ఆగడానికి, నెమ్మదిగా పోయేవాళ్లకు అది పనికొస్తుంది. అంతే తప్ప సైకిల్ వాడు ఆ గీత దాటి లోపలికి రాకూడదని దాని అర్థం కాదు. ఆ పట్టీ సైకిళ్లకే అని చెప్పాలంటే నేల మీద సైకిల్ బొమ్మ గీయాలి, బోర్డు పెట్టాలి.

షోల్డర్ శుభ్రంగా, నున్నగా ఉన్న చోట మీ బాబు దాని మీద పోతేనే నాకు సంతోషం. పక్కన లారీ పోయినప్పుడు ఆ మీటరున్నర దూరం చాలా విలువైనది. కానీ మన జిల్లా రోడ్ల సంగతి మీకు నేను చెప్పాలా? కోతల కాలం వస్తే మిర్యాలగూడ వైపు, హాలియా వైపు రోడ్డు అంచంతా వడ్లే. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించితే తీసుకోరు. కల్లం లేని రైతు ఎక్కడ ఆరబోస్తాడు? రైతును తిట్టడానికి నాకు మనసు రాదు. కానీ సాయంత్రానికి ఆ కుప్పల మీద నల్ల పట్టా కప్పి, ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. చీకటి పడ్డాక ఆ నల్ల పట్టా, ఆ రాళ్లు సైకిల్ వాడికి కనబడవు, మోటారు సైకిల్ వాడికీ కనబడవు. వడ్ల మీదికి ఎక్కిన సైకిల్ టైరు పక్కకు జారుతుంది. వడ్లు లేని చోట ఆగి ఉన్న లారీ, అది కూడా లేకపోతే కంకర. ఇలాంటి అంచు మీదికి దిగి పొమ్మని ఏ పిల్లవాడికీ చెప్పకూడదు.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. సైకిల్ వాడు గీత అవతల పోతూ పోతూ, కుప్ప దగ్గరికి రాగానే చటుక్కున రోడ్డు మీదికి తిరుగుతాడు. వెనక వస్తున్న బండికి ఆ తిరగడం ముందే తెలియదు. డ్రైవర్ మంచివాడైనా బ్రేకు వేసే సమయం దొరకదు. అందుకే మీ బాబుకు ఇది నేర్పండి. ముందు వడ్లో, ఆగిన బండో కనబడితే చాలా ముందే తల తిప్పి వెనక చూడాలి. దారి ఖాళీగా ఉంటే కుడిచేయి చాచి చూపించి మెల్లగా లోపలికి రావాలి. అడ్డు దాటేదాకా అక్కడే తిన్నగా పోవాలి. రెండు కుప్పల మధ్య కాస్త ఖాళీ కనబడిందని మళ్లీ అంచుకు దిగొద్దు, ఎందుకంటే మళ్లీ ఎక్కాల్సి వస్తుంది. వెనక బండ్లు ఆగకుండా వస్తుంటే తనే ఆగి, దిగి, అవి పోయాక దాటాలి. తిన్నగా పోయే సైకిల్‌ను డ్రైవర్ తప్పించగలడు, లోపలికీ బయటికీ ఊగే సైకిల్‌ను తప్పించడం కష్టం. ఆగి ఉన్న కారు పక్క నుంచి పోయేటప్పుడు తలుపు తెరుచుకుంటే తగలనంత దూరం ఉంచుకోవాలి.

రోడ్డు మధ్యలో గీత సంగతి కూడా వాడికి చెప్పండి. తెగి తెగి ఉంటే చూసుకుని దాటవచ్చు. తెగకుండా ఉంటే దాన్ని దాటి ఓవర్‌టేక్ చేయకూడదు, రెండు గీతలుంటే అసలే కూడదు. ఇది మోటారు బండ్లకు పెట్టినదే అయినా పిల్లవాడికి తెలిసి ఉండాలి. అలాంటి చోట ముందు మలుపో, ఎత్తో ఉంటుంది. వెనక వచ్చే డ్రైవర్‌కు సైకిల్‌ను దాటే చోటు దొరకదు, ఎదుటి నుంచి వచ్చే బండి కనబడదు. విసుక్కుని హారన్ కొడతాడు. హారన్ వినగానే బెదిరి కంకరలోకి దూకొద్దని బాబుకు గట్టిగా చెప్పండి.

మీ తమ్ముడు పంపిన ఫొటో గురించి రాశారు. అతను అన్న మాట నిజమే. కానీ ఈ అపోహ మన ఊళ్లకే పరిమితం కాదని మీ ఆయనకు, మీ తమ్ముడికి కూడా తెలియాలి. అమెరికాలో పసుపు రంగు బోర్డు మీద సైకిల్ బొమ్మ వేసి, కింద ‘షేర్ ది రోడ్’ (రోడ్డును పంచుకోండి) అని రాస్తూ వచ్చారు. అది కారు నడిపేవాళ్లకు చెప్పిన మాట అని సైకిల్ వాళ్లు అనుకుంటారు. సైకిల్ వాళ్లను పక్కకు తప్పుకొమ్మంటోందని చాలామంది కారు వాళ్లు అనుకుంటారు. ఎవరికి చెబుతోందో ఆ బోర్డులో లేదు. డెలావేర్ రాష్ట్రం 2013లో ఆ మాట వాడటమే మానేసింది. మీ తమ్ముడు ఉండే నార్త్ కరోలినాలోనే స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఇద్దరు దీన్ని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. ఆ బోర్డు చూసినవాళ్లకు, ఏ బోర్డూ చూడనివాళ్లకు మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ‘సైకిళ్లు లైను మొత్తం వాడుకోవచ్చు’ అని తేటగా రాసిన తెల్ల బోర్డు చూసినవాళ్లకు మాత్రం సైకిల్‌కు రోడ్డు మీద చోటుందని బాగా అర్థమైంది. బోర్డు ఎవరితో మాట్లాడుతోందో సూటిగా చెప్పకపోతే ఎవరికి వాళ్లు తమకు అనుకూలంగా అర్థం చేసుకుంటారని నాకు దీని వల్ల బలంగా అనిపించింది. మన ముక్కోణం కింద కూడా తెలుగులో ‘డ్రైవర్లు నెమ్మదిగా వెళ్లాలి, సైకిళ్లు దాటును’ అని ఒక పలక తగిలిస్తే సగం గొడవ తగ్గుతుంది.

సైకిల్ వాడు ట్యాక్స్ కట్టడు, లైసెన్స్ ఉండదు, వాడికి రోడ్డు మీద హక్కేంటి అని కూడా మీరు వినే ఉంటారు. మోటారు బండి మనుషుల ప్రాణం తీయగలదు కాబట్టే దానికి లైసెన్స్, రిజిస్ట్రేషన్, బీమా అడుగుతారు. సైకిల్ మోటారు వాహనం కాదు కాబట్టి అవి అక్కర్లేదు. రోడ్డు వేసిన డబ్బులో మీరు కొన్న సబ్బు మీద కట్టిన పన్ను కూడా ఉంది.

ఇప్పుడు స్కూటీ మాట. ఇది దయచేసి మీ ఆయనకు చదివి వినిపించండి. పదో తరగతి పిల్లవాడికి లైసెన్స్ రాదు. గేర్లు లేని 50 సీసీ లోపు బండికి 16 ఏళ్లు నిండాలి, మిగతావాటికి 18. 2019లో చట్టం మార్చి చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం, పిల్లవాడు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులు లేదా బండి యజమాని దోషులు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. రేపు డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి బండి కావాల్సి వస్తే వాడి గతి ఏమిటి? బ్యాటరీ స్కూటీకి లైసెన్స్ అక్కర్లేదని షాపులో చెబుతారు. ఆ మినహాయింపు మోటారు 250 వాట్లు మించని, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటని వాటికే. రోడ్డు మీద మనం చూసే బ్యాటరీ స్కూటీలు చాలావరకు అంతకన్నా వేగంగా పోతాయి. అన్నిటికీ మించి, ఒక డ్రైవర్ బోర్డు తప్పుగా చదివాడని పిల్లవాడిని ఇంకా ప్రమాదమైన బండి ఎక్కించడం న్యాయం కాదు.

దానికి బదులు సైకిల్ మీద కాస్త ఖర్చు పెట్టండి. నల్గొండలో రేడియం స్టిక్కర్లు అతికించే షాపుకు తీసుకెళ్లి వెనక మడ్‌గార్డుకు ఎరుపు, ముందు తెలుపు, పెడళ్లకు పసుపు వేయించండి. పెడళ్లవి కిందికీ పైకీ కదులుతాయి కాబట్టి వెనక వచ్చే డ్రైవర్‌కు అది సైకిల్ అని వెంటనే తెలుస్తుంది. చలికాలం ట్యూషన్ అయ్యేసరికి చీకటి పడుతుంది, వెనక ఎర్ర లైటు ఒకటి పెట్టించండి. బ్యాగు క్యారియర్‌కు కట్టుకోవాలి, హ్యాండిల్‌కు వేలాడదీయొద్దు. స్నేహితులతో పక్కపక్కన మాట్లాడుకుంటూ కాకుండా ఒకరి వెనక ఒకరు పోవాలి. బడి రోడ్డుకు అవతలి వైపు ఉందని రాంగ్ రూట్లో మాత్రం పోనివ్వకండి. ఎదురుగా వచ్చే బండ్ల వేగం, తన వేగం కలుస్తాయి, మలుపు నుంచి రోడ్డెక్కేవాళ్లు ఆ వైపు చూడరు. ఈ మాట జడ్చర్ల, భూత్పూర్ దగ్గర 44వ నంబరు హైవే పక్కన, చౌటుప్పల్, నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు హైవే పక్కన ఉండే తల్లిదండ్రులకు మరీ ముఖ్యం. సర్వీస్ రోడ్డు, అండర్‌పాస్ ఉన్న చోట కాస్త చుట్టైనా పిల్లల్ని వాటి మీదుగానే పంపండి.

ఆ డ్రైవర్ మళ్లీ ఎదురైతే బాబు వాదన పెట్టుకోనవసరం లేదు. సైకిల్ పక్కకు తీసి నిలబడి, బండి పోయాక బయల్దేరితే చాలు. నంబరు గుర్తుంచుకుని మీకు చెప్పమనండి. డ్రైవర్లకు చెప్పాల్సింది పెద్దవాళ్లం. బడి హెడ్మాస్టరు గారిని కలిసి, ట్రాఫిక్ ఎస్సై గారిని ఒకరోజు పిలిపించి బోర్డుల గురించి మాట్లాడించమని అడగండి. పిల్లలతో పాటు ఊళ్లో ఆటో, ట్రాక్టర్, డీసీఎం నడిపేవాళ్లను కూడా రమ్మనాలి. లెర్నర్ లైసెన్స్ పరీక్షలో ఈ బోర్డుల మీదే ప్రశ్నలుంటాయి. ఒకప్పుడు సరిగ్గా రాసినవాళ్లే ఇప్పుడు మరిచిపోయి ఉంటారు, కోపం లేకుండా గుర్తుచేస్తే వింటారు.

బోర్డు సంగతి కూడా వదలొద్దు. అది పాతబడిందో, చెట్టు కొమ్మ అడ్డుందో, ఎవరైనా ఫ్లెక్సీ కట్టారో చూడండి. తెల్ల గీత అవతల షోల్డర్ పాడైతే ఫొటో తీయండి. దగ్గర్లోని కిలోమీటరు రాయి తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేసి చెప్పవచ్చు. ఏ రోడ్డైనా సరే, సోమవారం నల్గొండ కలెక్టరేట్‌లో ప్రజావాణి జరుగుతుంది. ఒక కాగితం మీద కిలోమీటరు రాయి నంబరు, ఎంతమంది పిల్లలు అక్కడ సైకిల్ మీద దాటుతారో, ఏ సమయంలో దాటుతారో రాయండి. బోర్డు కింద తెలుగులో పలక కావాలని, నేల మీద దాటే చోటు గుర్తు వేయాలని, ముందు వేగం తగ్గించే ఏర్పాటు చేయాలని అడగండి. ఫొటోలు జతచేసి, మీ ఊరి మిగతా తల్లుల సంతకాలు కూడా పెట్టించి, అర్జీ ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. రెండు మూడు వారాల్లో కదలిక లేకపోతే ఆ రసీదు నంబరుతోనే మళ్లీ వెళ్లి అడగండి.